కాంట్రాక్టు సంతకం పెట్టే ముందు, పాలసీ మానేసే ముందు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు.

డాలస్‌లో సొంతంగా ఎల్‌ఎల్‌సీ, అంటే పరిమిత బాధ్యత ఉండే చిన్న కంపెనీ పెట్టావనీ, ఉద్యోగిగా కాకుండా నీ కంపెనీ పేరు మీదే పని చేసే మొదటి కార్ప్ టు కార్ప్ కాంట్రాక్టు వచ్చిందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషంరా. నీకూ క్లయింట్‌కీ మధ్య ఉండే వెండర్, నీకు పాలసీ ఉందని చూపే ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అడుగుతున్నాడనీ, అన్నిటికన్నా చవకది ఏదో తీసుకుని పంపించేద్దామనుకుంటున్నావనీ కూడా చెప్పింది. అక్కడ కాస్త ఆగు. ఈ దేశంలో కన్సల్టింగ్ చేస్తూ తల నెరిసినవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను.

వెండర్ పంపిన జాబితాలో జనరల్ లయబిలిటీ, ప్రొఫెషనల్ లయబిలిటీ రెండూ ఉంటాయి. నీ వల్ల ఎవరికైనా దెబ్బ తగిలినా, ఎవరి వస్తువైనా పాడైనా మొదటిది పనికొస్తుంది. నువ్వు రాసిన స్క్రిప్టు వల్ల క్లయింట్ బిల్లింగ్ రెండు రోజులు ఆగిపోయి, ఆ నష్టం నువ్వే కట్టాలని నోటీసు వస్తే మాత్రం అది పలకదు. అందుకు ప్రొఫెషనల్ లయబిలిటీ కావాలి. ఏజెంట్లు దీన్నే ‘ఈ అండ్ ఓ’ (ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్, అంటే పనిలో తప్పులూ లోపాలూ) అంటారు. మన పనికి తగ్గట్టు, డేటా చోరీ, హ్యాకింగ్ లాంటివాటికి పనికొచ్చే సైబర్ కవరేజీ కూడా కలిపి ఇచ్చే ‘టెక్ ఈ అండ్ ఓ’ దొరుకుతుంది, అదే అడుగు. ఎల్‌ఎల్‌సీ ఉందిగా, నా సొంత డబ్బు జోలికి ఎవరూ రారనుకోకు. కంపెనీ అప్పులకు అది అడ్డు నిలుస్తుంది గానీ, నువ్వు స్వయంగా చేసిన పనిలో నిర్లక్ష్యం జరిగిందని నీ మీదే కేసు వేస్తే దాని మీద భరోసా పెట్టుకోలేం. పైగా తప్పు నీది కాకపోయినా లాయర్‌ని పెట్టుకోక తప్పదు. ఆ ఖర్చు భరించడమే ఈ పాలసీ చేసే పెద్ద మేలు.

ఇక అసలు సంగతి. కారు ఇన్సూరెన్సులో గుద్దిన రోజున పాలసీ ఉందా లేదా అన్నదే లెక్క. ఇందులో అలా కాదు. ఇవి దాదాపు అన్నీ క్లెయిమ్స్ మేడ్ పాలసీలు. పని చేసిన రోజున పాలసీ ఉంటే చాలదు, క్లయింట్ నీ మీద క్లెయిమ్ వేసిన రోజున కూడా ఉండాలి. మన పనిలో తప్పులేమో అప్పటికప్పుడు బయటపడవు. నాకు తెలిసిన ఒకతను ఒక క్లయింట్ దగ్గర పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి డేటా మార్చే పని చేశాడు. పని అయిపోయింది, డబ్బులూ వచ్చాయి. తర్వాత ఫుల్‌టైమ్ ఉద్యోగంలో చేరి, ఇంకెందుకులే అని పాలసీ ఆపేశాడు. మరుసటి ఏడాది ఆడిట్‌లో కస్టమర్ల బ్యాలెన్సులు సెంట్ల దగ్గర రౌండింగ్ తప్పుతో తేడా పడ్డాయని తేలింది. క్లయింట్ లాయర్ నుంచి లెటర్ వచ్చేనాటికి అతని చేతిలో పాలసీ లేదు. అన్నాళ్లూ కట్టిన ప్రీమియం ఆ రోజు అక్కరకు రాలేదు.

అందుకే పాలసీ చేతికి రాగానే డిక్లరేషన్స్ అనే మొదటి పేజీలు తీసి చూడు. అక్కడ రెట్రోయాక్టివ్ డేట్ అని ఒక లైను ఉంటుంది. ఆ తేదీకి ముందు చేసిన పని దేనికీ కవరేజీ ఉండదు. ఏటా రెన్యూ చేసినా, ఇంకో కంపెనీకి మారినా ఆ పాత తేదీయే కొనసాగాలి. కొంచెం చవకగా వస్తోందని మారినప్పుడు కొత్తవాళ్లు ఇవాళ్టి తేదీ వేశారంటే, వెనకటి ఏళ్ల పనికి నీకు దిక్కు లేనట్టే. మారేముందు ఆ తేదీ మారదని ఏజెంట్ చేత ఈమెయిల్‌లో రాయించుకో. ఎప్పుడైనా ఉద్యోగంలో చేరినా, ఎల్‌ఎల్‌సీ మూసేసినా టెయిల్ కవరేజీ కొనుక్కో. పాలసీ ముగిశాక కూడా పాత పని మీద వచ్చే క్లెయిములు చెప్పుకోవడానికి అది గడువు ఇస్తుంది. దాన్ని అడగడానికి ఇచ్చే వ్యవధి తక్కువే, ఆలస్యం చెయ్యకు.

లిమిట్, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ గరిష్ఠంగా ఇచ్చే మొత్తం విషయం పెద్దగా చెప్పక్కర్లేదు. ఒక్కో క్లెయిమ్‌కి మిలియన్ డాలర్లు అని చాలా వెండర్లు వాళ్లే రాస్తారు. లాయర్ ఫీజులు ఆ మిలియన్‌లోంచే పోతాయా, విడిగా ఇస్తారా అన్నది మాత్రం అడుగు. చాలా పాలసీల్లో లోపలినుంచే పోతాయి.

కాంట్రాక్టులో ఇండెమ్నిఫికేషన్ పేరా రెండుసార్లు చదువు. ఏ నష్టం వచ్చినా, తప్పు ఎవరిదైనా నువ్వే భరించాలన్నట్టు రాస్తుంటారు. మామూలుగా చట్టప్రకారం నీ మీద పడని భారాన్ని నువ్వే సంతకం పెట్టి నెత్తికెత్తుకుంటే పాలసీ సాధారణంగా దాన్ని మోయదు. పని ఆలస్యమైతే రోజుకింత అనే పెనాల్టీలదీ అంతే. నా నిర్లక్ష్యం వల్ల జరిగినంతవరకే నా బాధ్యత అని మార్చమను. నీకిచ్చే ఫీజుకి మించి అడగకుండా ఒక హద్దు పెట్టమను. అన్నిటికీ ఒప్పుకోరు, కానీ అడిగితే కొంతైనా మారుస్తారు.

ఇంకోటి, మొహమాటం లేకుండా అడుగుతున్నా. రాత్రిళ్లు హైదరాబాద్ నుంచి ఫ్రెండ్ ఎవరైనా నీ పనిలో సాయం చేస్తున్నాడా? మనవాళ్లలో ఇది మామూలే. కానీ క్లయింట్ డేటా వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా దేశం దాటితే చాలా కాంట్రాక్టుల ప్రకారం ఉల్లంఘించినట్టే. సబ్‌కాంట్రాక్టర్లు ఉన్నారా అని దరఖాస్తులో అడిగినప్పుడు లేరని రాసి, రేపు క్లెయిమ్ వచ్చాక ఉన్నారని తేలితే, ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీనే రద్దు చేసే ప్రమాదం ఉంది. ఉన్నది ఉన్నట్టు రాయి.

ఎప్పుడైనా క్లయింట్ నుంచి కోపంగా మెయిల్ వస్తే టెన్షన్‌లో “తప్పు నాదే, నష్టం నేనే కట్టేస్తాను” అని జవాబు పెట్టకు. ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకోకుండా ఇచ్చిన మాటకి వాళ్లు బాధ్యులు కారు. ఆ మెయిల్‌ని ఆ రోజే ఏజెంట్‌కి పంపు, ఇంకా కేసు వెయ్యకపోయినా సరే. ముందే తెలిసి చెప్పలేదని తర్వాత క్లెయిమ్ తిరగ్గొట్టడానికి వాళ్లకి అవకాశం ఇవ్వకూడదు.

ఏజెంట్‌కి లైసెన్సు ఉందో లేదో టెక్సస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్ సైటులో చూసుకో. ప్రీమియం వ్యాపార ఖర్చు కిందకి వస్తుంది, నీ పన్ను లెక్కలు చూసే సీపీఏకి రసీదు ఇవ్వడం మర్చిపోకు. కాంట్రాక్టు డ్రాఫ్టూ, వచ్చిన కొటేషన్లూ నాకు పంపించు. శనివారం ఫోన్లో ఇద్దరం కూర్చుని చూద్దాం, అందాకా సంతకం పెట్టకు.

మీ మామయ్య