ఊడదీయగల సైకిల్ క్యారియర్: ఏది కొనాలి, ఎలా వాడాలి?
క్యారియర్ లేకుండా వచ్చిన గేర్ సైకిల్‌పై ఆఫీసు బ్యాగు తీసుకెళ్లడానికి, అక్కర్లేనప్పుడు ఊడదీయగలిగే క్యారియర్ ఏది మంచిదన్నది ప్రశ్న.

ముందుగా వెనక చక్రపు ఇరుసు దగ్గరా, సీటు కిందా ఫ్రేముకు బోల్టులు బిగించే రంధ్రాలున్నాయేమో చూడండి. ఉంటే మామూలు క్యారియరే మేలు. 25 కిలోలు మోసేవి సులువుగా దొరుకుతాయి, విప్పడానికి ఒక్క అలెన్ కీ (తలలో ఆరు పలకల గుంట ఉన్న బోల్టులను తిప్పే పనిముట్టు) చాలు. రంధ్రాలు లేకపోతేనే, సీటు బిగించి ఉండే గొట్టాన్ని (సీట్‌పోస్ట్) క్లాంపుతో పట్టుకునే రకం కొనాలి. ఇది నిమిషంలో ఊడుతుంది గానీ, బరువంతా ఒక్క క్లాంపు మీదే వేలాడుతుంది కనుక, చాలావాటికి పరిమితి సుమారు 10 కిలోలే. దానిమీద మనిషిని కూర్చోబెట్టడం అన్న మాటే వద్దు. కార్బన్ ఫైబర్‌తో చేసిన గొట్టానికైతే దీన్ని బిగించనేకూడదు, ఆ నొక్కుడుకు అది పగిలే ప్రమాదముంది.

గొట్టం వ్యాసం 27.2, 30.9, 31.6 మి.మీ. ఇలా రకరకాలుగా ఉంటుంది కాబట్టి కొలిచి, దానికి సరిపడే రబ్బరు పట్టీ వేసి బిగించాలి. లేకపోతే గతుకుల్లో క్యారియర్ మెల్లగా పక్కకు తిరిగిపోతుంది. బరువైన వస్తువును సీటు వైపు పెట్టండి. పక్కలకు వేలాడే సంచులు వాడేట్టయితే, అవి ఊగి చువ్వల్లో పడకుండా పక్క కమ్మీలున్న క్యారియర్ తప్పనిసరి. బ్యాగు వెనక లైటును కప్పేస్తుంటే, లైటును క్యారియర్ చివరకు మార్చండి.