ప్రొటీన్ రసాయనం చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ (బయోటెక్నాలజీ, కెమిస్ట్రీ) చివరి సంవత్సరం చదువుతోంది. రసాయన మార్పుల వల్ల బాక్టీరియా ప్రొటీన్ల ఆకారం, పనితీరు ఎలా మారతాయో చదువుతానంటోంది. ఇంత చిన్న విషయాన్ని నమ్ముకుంటే ఉద్యోగం దొరుకుతుందా? ఎమ్మెస్సీలో ఏ సబ్జెక్టు తీసుకోవాలి?
– ఒక తండ్రి, కాకినాడ

జవాబు: మీరు చిన్నదనుకుంటున్న ఈ విషయం మీ అమ్మాయికి పసితనంలో వేయించిన టీకాల్లోనే ఉంది. ధనుర్వాతం బాక్టీరియా విడుదల చేసే విషం ఒక ప్రొటీన్. దాన్ని ఫార్మాల్డిహైడ్‌తో కలిపి ఉంచినప్పుడు, ఆ రసాయనం ముందుగా ప్రొటీన్‌లోని లైసీన్ అనే అమైనో ఆమ్లాల అమైన్ సమూహాలతో చర్య జరిపి, ఆపైన చుట్టుపక్కల అమైనో ఆమ్లాలకు మిథిలీన్ వంతెనలు వేస్తుంది. విషగుణం పోతుంది గాని, రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టడానికి సరిపడే ఆకారం మిగులుతుంది. దీన్నే టాక్సాయిడ్ అంటారు. చర్య చాలకపోతే విషం మిగలవచ్చు, మితిమీరితే యాంటీబాడీలు గుర్తించవలసిన భాగాలే చెడవచ్చు. ప్రతి బ్యాచ్ ఈ రెండింటి నడుమ నిలిచిందని పరీక్షించి రుజువు చూపేవారు టీకా సంస్థల క్వాలిటీ కంట్రోల్, ప్రాసెస్ డెవలప్‌మెంట్ విభాగాలకు ఎప్పుడూ కావాలి. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ టీకాలో బాక్టీరియా పైపొర చక్కెరను ఈ ధనుర్వాత టాక్సాయిడ్‌కే రసాయనికంగా అతికించారు. రెండేళ్లలోపు పిల్లల్లో ఒంటరిగా పనిచేయని ఆ చక్కెర, ఈ జోడింపుతో ఆరు నెలల పసివారికీ పనికొచ్చింది.

ఎమ్మెస్సీకి బయోకెమిస్ట్రీ తీసుకోమంటాను, అయితే ఆర్గానిక్ కెమిస్ట్రీని వదలకూడదన్న షరతుతో. పెన్సిలిన్ మందు, బాక్టీరియా ఎంజైములోని సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఎందుకు అతుక్కుపోతుందో చర్యావిధానం గీసి చూపగలిగే జీవశాస్త్ర విద్యార్థులు నాకు అరుదుగా కనిపిస్తారు. ప్రవేశాలకు ఐఐటీ జామ్, సీయూఈటీ పీజీ, గాట్‌-బీ రాయవచ్చు. పరిశోధన వైపు వెళ్లదలిస్తే సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించాలి. 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఇస్తున్నారు.

పరికరాల్లో, అణువుల బరువును కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీ తప్పక నేర్చుకోవాలి. మిథైల్ సమూహం చేరితే ప్రొటీన్ బరువు సుమారు 14 డాల్టన్లు (అణువుల బరువుకు వాడే కొలమానం), ఫాస్ఫేట్ చేరితే సుమారు 80 డాల్టన్లు పెరుగుతుంది. బరువు మారిందంటే ఆకారమూ మారినట్టు కాదు కాబట్టి ప్రొటీన్ ఆకారాన్ని కాంతితో పరిశీలించే సర్క్యులర్ డైక్రోయిజం, పనితీరు చూపే ఎంజైమ్ పరీక్షలు కూడా తెలిసి ఉండాలి. పరిసరాలను పసిగట్టే బాక్టీరియా సెన్సర్ ప్రొటీన్లలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం మీది ఫాస్ఫేట్ ఆమ్లంలో నిలవదు. మాస్ స్పెక్ట్రోమెట్రీ నమూనాలనేమో ఎక్కువగా ఆమ్లంలోనే తయారుచేస్తారు కనుక అది తరచుగా లెక్కకు రాదు. ఇంటర్వ్యూలో ఇలాంటి చిక్కును వివరించగలిగితే మార్కుల జాబితా కంటే అదే ఎక్కువగా మాట్లాడుతుంది.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే ముందు, ఏ విశ్వవిద్యాలయం ఎమ్మెస్సీ విద్యార్థులను ఈ పరికరాల మీద స్వయంగా పనిచేయనిస్తుందో అక్కడి సీనియర్లను అడిగి తెలుసుకోమనండి.