పొయ్యి వెలిగేలోపే చేరుకో

విశాఖపట్నం

చిరంజీవి బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

జులైలో స్విట్జర్లాండ్ వెళ్తున్నారనీ, అక్కడ కొండ మీద చీజ్ చేసేవాళ్ళని చూస్తారనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కానీ టూర్ కాగితంలో "ఉదయం 11 గంటలకు" అని ఉందనగానే నాకు టెన్షన్ మొదలైంది.

నేనూ మొదటిసారి ఆ టైముకే వెళ్ళాను. అప్పటికే రాగి కాగు కడిగేశారు, నేల మీద నీళ్ళు కొడుతున్నారు. పెళ్ళయిపోయాక పందిరి చూడ్డానికి వెళ్ళినట్టయింది. మర్నాడు చీకటితోనే లేచి మళ్ళీ ఎక్కాను. నువ్వు ఆ ముందురోజు రాత్రి షాతో-డే ఊళ్ళో దిగి, చీజ్ చేసే ఏ గుడిసెకి ఎన్నింటికి రావచ్చో కనుక్కుని వెళ్ళు. చెప్పకుండా మాత్రం వెళ్ళొద్దు. అది మ్యూజియం కాదు, వాళ్ళు ఉండే ఇల్లు.

ఆ చుట్టుపక్కల చేసేది లెతివా చీజ్. మే 10 నుంచి అక్టోబర్ 10 దాకా, ఆవులు పైన పచ్చికలో మేసే రోజుల్లోనే చేస్తారు. అదీ కట్టెల పొయ్యి మీదే. ఎత్తు 1000 నుంచి 2000 మీటర్లు, అంటే మన అరకు ఎత్తులో మొదలై దానికి రెట్టింపు దాకా. స్వెట్టర్ మర్చిపోకు.

రాత్రి పితికిన పాల మీద మీగడ కొంత తీసి, పొద్దుటి పాలతో కలిపి కాగులో పోస్తారు. మన మే నెల సాయంత్రమంత వేడి, 32 డిగ్రీలు, రాగానే తోడూ, పాలు గడ్డకట్టించే రెన్నెట్టూ వేస్తారు. అరగంట దాటాక గడ్డ పెరుగులా అవుతుంది. దాన్ని తీగలు బిగించిన చట్రంతో గోధుమ గింజంత ముక్కలయ్యేదాకా కోసి, కలుపుతూ 57 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. ఇక్కడే కళ్ళు తిప్పకు. చీజ్ చేసే ఆయన చెయ్యి ముంచి గుప్పెడు తీసి, గట్టిగా పిండి, బొటనవేలితో రుద్దుతాడు. గింజలు విడిపోతే అయినట్టు. మా అమ్మ అరిసెల పాకం చూసినట్టే ఉంటుంది, థర్మామీటర్ పక్కనే ఉన్నా సరే.

తర్వాత వంగే లోహపు పట్టీకి గుడ్డ అంచు చుట్టి, రెండో కొస పళ్ళతో కరిచిపట్టుకుని, కాగులోకి నడుము దాకా వంగి అడుగు నుంచి మొత్తం ఒక్క మూటగా లేపుతాడు. అప్పుడు ప్రశ్నలడక్కు. జవాబు చెప్పాలన్నా నోట్లో గుడ్డ ఉంటుంది! కిలో చీజ్‌కి 10, 12 లీటర్ల పాలు పోతాయి, ఆ మూట జారితే ఎంత నష్టమో నువ్వే లెక్కేసుకో. మిగిలిన తేట పందులకి పోస్తారు. గ్లాసులో ఇస్తే తాగి చూడు, గోరువెచ్చగా, కాస్త తియ్యగా ఉంటుంది.

అమ్మకి ముందే ఒక మాట చెప్పు. రెన్నెట్ అంటే దూడ కడుపు నుంచి తీసేది. మన పనీర్‌లా నిమ్మకాయతో విరిచింది కాదు. అక్కడ నోట్లో పెట్టుకున్నాక తెలిస్తే ఊరంతా వినపడుతుంది. గ్రుయేర్ ఊరి వైపు మీగడతో పెట్టే తెల్లటి మిఠాయిలో గుడ్డు ఉంటుంది, అదీ వద్దు. ఆ చిక్కటి మీగడ ఒక్కటే బ్రెడ్ మీద రాసి పెట్టించు, నోరు మెదపదు.

దారిలో మేతభూముల గేట్లు ఎలా తెరిచావో అలాగే మూసెయ్. దూడ ఉన్న ఆవు దగ్గరికి సెల్ఫీ అంటూ పోకు. మన వీధుల్లో పడుకునే ఆవు కాదది, మీదికొస్తుంది. బూట్లు పాతవి వేసుకో, పేడ తప్పదు.

కార్డు పనిచేస్తుందని అనుకోకుండా ఫ్రాంకులు నోట్లుగా పెట్టుకో. గంటసేపు వాళ్ళ పనికి అడ్డంగా నిల్చుని, ఏమీ కొనకుండా దిగి రావడం నాకు నచ్చదు. అయితే ఆ రోజు చేసింది ఇవ్వరు. కనీసం 135 రోజులు మాగాలి, అంటే నువ్వు చూసిన చీజ్ చక్రం మన కార్తీక మాసం దాటితేగానీ కోతకి రాదు. నిరుటిది కొనుక్కో. చిన్న ముక్క చాలు, అక్కడే తినెయ్యండి. నేను రెండు కిలోలు మోసుకొస్తే మన ఉక్కకి నూనె కారి, సూట్‌కేసులో బట్టలన్నీ పాడయ్యాయి. మీ పెద్దమ్మ ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

ఉంటాను,
పెదనాన్న