ఫ్యాన్ స్పీడ్ పెంచడం కంటే ముందు చూడాల్సినవి

మీరు మహారాష్ట్రలోని రాజురాలో ఉంటూ డిగ్రీ చదువుతున్నానన్నారు. మధ్యాహ్నం అయ్యేసరికి ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరు పెడుతోంది, అయినా మెషీన్ నెమ్మదిస్తోంది, ఫ్యాన్‌ని ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లో తిప్పే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా అని అడిగారు. నేను బల్లార్‌పూర్‌లో ఇంటి నుంచే జీఎస్టీ లెక్కల పని చేస్తాను. ఎండాకాలం వస్తే నాదీ ఇదే టెన్షన్. అలాంటి సాఫ్ట్‌వేర్ ఉంది కానీ, మీ సమస్యకు అది పెద్దగా పనికిరాదు.

ఎందుకంటే ఫ్యాన్ చల్లదనాన్ని పుట్టించదు. గదిలోని గాలిని లాగి, ప్రాసెసర్ (ల్యాప్‌టాప్ పనంతా చేసే ముఖ్యమైన చిప్) నుంచి రాగి పైపు మోసుకొచ్చిన వేడిని ఆ గాలితో బయటికి తోస్తుంది, అంతే. గది ఎంత వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంతే పైకి వెళ్తుంది. 25 డిగ్రీల గదిలో 75 దగ్గర నడిచే ప్రాసెసర్, అదే పని చేస్తూ 42 డిగ్రీల గదిలో 90 దాటేస్తుంది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 95 నుంచి 105 మధ్యలో ఉంటుంది. అక్కడికి చేరగానే కాలిపోకుండా అవే వేగం తగ్గించుకుంటాయి. మీకు కనిపించే నెమ్మది అదే. కంపెనీల కాగితాల్లో చూడండి, గది ఉష్ణోగ్రత 35 వరకే అని సాధారణంగా రాసి ఉంటుంది. మన చంద్రపూర్ జిల్లాలో మే నెలలో బయట 45 దాటడం మామూలే. ఆ వేళకు మీ ఫ్యాన్ ఇప్పటికే పూర్తి వేగంతో తిరుగుతూ ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఇంకేం పెంచుతుంది?

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది చిన్న సెట్టింగ్. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ అన్నచోట 100%ని 99% చేయండి. ఆ ఒక్క శాతం తగ్గిస్తే సాధారణంగా టర్బో బూస్ట్, అంటే ప్రాసెసర్ అవసరానికి మామూలు వేగం దాటి పరిగెత్తడం, ఆగిపోతుంది. వేడిలో పెద్ద వాటా ఆ టర్బోదే. నా మెషీన్‌లో 95 దగ్గర కొట్టుకునే ప్రాసెసర్ 80 లోపలికి దిగింది. ఎక్సెల్, బ్రౌజర్, ఆన్‌లైన్ క్లాసుల్లో తేడా నాకు తెలియలేదు. గేమ్స్, వీడియో ఎడిటింగ్ చేస్తే మాత్రం తెలుస్తుంది, అవి పొద్దుటి పూటకు పెట్టుకోండి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ కూడా ఇంకాసేపు వస్తుంది. కొన్ని కొత్త మెషీన్లలో ఆ ఆప్షన్ కనిపించదు. అప్పుడు విండోస్ సెట్టింగ్స్‌లో పవర్ మోడ్‌ని బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీలో పెట్టండి.

తర్వాతది దుమ్ము. బొగ్గు గనుల ఊళ్లలో ఉండేవాళ్లకు ఇది అందరికంటే ఎక్కువ. మన ఇళ్లలో కిటికీ ఊచల మీద నల్లగా పేరుకునేదే ల్యాప్‌టాప్ లోపలికీ పోతుంది. ఫ్యాన్ రెక్కల మీద కంటే, ఫ్యాన్‌కీ హీట్‌సింక్ రేకులకీ (వేడిని గాలికి వదిలే పలుచని లోహపు రేకులు) మధ్య అది దుప్పటి ముక్కలా అట్టకడుతుంది. పైనుంచి చూస్తే కనిపించదు. నాకు ఒక షాపులో ఫ్యాన్ పోయిందని చెప్పి కొత్తది వేశారు, వేడి ఒక్క డిగ్రీ తగ్గలేదు. తర్వాత ఇంకో మెకానిక్ ఫ్యాన్‌ని పూర్తిగా విప్పి, ఆ అట్ట తీసి చూపించాడు. అందుకే షాపుకి వెళ్తే "ఫ్యాన్ విప్పి రేకులు శుభ్రం చేయండి, థర్మల్ పేస్ట్ మార్చండి" అని స్పష్టంగా అడగండి, దగ్గరుండి చూడండి. ప్రాసెసర్ వేడి రాగి పైపుకి బాగా చేరేలా మధ్యలో పూసేదే ఆ పేస్ట్. వారంటీ ఉంటే మాత్రం సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పట్టుకోవాలి, లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. గరగరమనే చప్పుడు వస్తుంటేనే ఫ్యాన్ మార్చే ఆలోచన చేయండి.

కూలర్ గురించి కూడా చెప్పాలి. ఈ పొడి ఎండలో కూలర్ గదిని బాగా దించుతుంది, కిటికీ కాస్త తెరిచి ఉంచితే ఇంకా మంచిది. కానీ ల్యాప్‌టాప్‌ని దాని గాలికి ఎదురుగా పెట్టకండి. తడి గాలికి దుమ్ము ముద్దకట్టి రేకులకు అంటుకుంటుంది, ఒక్కోసారి తుంపర్లు కూడా పడతాయి. పక్కగా, గట్టి బల్ల మీద పెట్టండి. పరుపు మీద పెడితే అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. వెనక వైపు ఒక పుస్తకం పెట్టి కాస్త ఎత్తినా తేడా ఉంటుంది.

ఇవన్నీ చేశాక కూడా ఫ్యాన్ సంగతి చూడాలనుకుంటే కంపెనీ ఇచ్చిన మోడ్‌లే వాడండి. లెనోవోలో చాలా మోడళ్లకు ఎఫ్ఎన్, క్యూ కలిపి నొక్కితే మోడ్ మారుతుంది. హెచ్‌పీలో చాలావాటికి బయోస్‌లో (విండోస్ మొదలవకముందు తెరుచుకునే సెట్టింగ్స్) ఫ్యాన్ ఆల్వేస్ ఆన్ అని ఉంటుంది. నోట్‌బుక్ ఫ్యాన్‌కంట్రోల్ లాంటి ఫ్యాన్ వేగం మార్చే సాఫ్ట్‌వేర్లు మీ మోడల్‌కు సరిపడే ఫైల్ ఉంటేనే వాడండి. సరిపడని ఫైల్ వేస్తే ఫ్యాన్ తిరగాల్సిన టైమ్‌కి తిరగకపోవచ్చు.

బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తుంటే మాత్రం వెంటనే ఆపేయండి, చార్జింగ్ పెట్టకండి. దాన్ని మార్పించాకే మిగతా విషయాలు.

మీ మోడల్ పేరు, హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, ఫ్యాన్ వేగం చూపించే సాఫ్ట్‌వేర్) వేసి మధ్యాహ్నం పూట పనిలో ఉండగా చూపించే సీపీయూ (ప్రాసెసర్) ఉష్ణోగ్రత, కనిపిస్తే ఫ్యాన్ ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) కింద రాయండి, చూసి చెబుతాను.