టెక్ సందేహాలు: మోటారుకి ఫోనొస్తే ఎవరెత్తుతారు?

ఈ వారం ఫోన్లూ, ల్యాప్‌టాప్‌లూ పక్కన పెడుతున్నాను. ఎండలు ముదిరాక నాకొచ్చే ప్రశ్నల్లో సగం మోటార్ల గురించే. అవీ తిప్పి తిప్పి ఆ మూడే.

"మల్టీమీటర్‌తో చూస్తే మా బోరు మోటారు మూడు ఫేజులూ బాగానే ఉన్నాయి. ఆన్ చేస్తే మాత్రం ట్రిప్ అవుతోంది. మెకానిక్ వైండింగ్ పోయిందంటున్నాడు. నమ్మొచ్చా?" - దర్శి దగ్గర నుంచి ఒక రైతు

మెకానిక్‌ని అప్పుడే తిట్టకండి, అప్పుడే నమ్మకండి కూడా. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టినప్పుడు అది పంపేది లోపలి బ్యాటరీ ఇచ్చే కాసిని వోల్టులే. వైండింగ్, అంటే మోటారు లోపలి చుట్ల తీగ, తెగిందా లేదా అన్నంతవరకే దాని సాక్ష్యం చెల్లుతుంది. తడిసి నీరసించిన ఇన్సులేషన్, అంటే తీగ మీది తొడుగు, ఆ కాసిని వోల్టులకి నిక్షేపంగా నిలబడుతుంది, 415 వోల్టులు తగలగానే చేతులెత్తేస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే మెగ్గర్ కావాలి. అది 500 వోల్టుల డీసీ పెట్టి, వైండింగ్ నుంచి ఎర్త్‌కి కరెంటు కారుతోందేమో చూస్తుంది.

కేబుల్ కొసలు మూడూ స్టార్టర్ నుంచి విప్పాకే మెగ్గర్ పెట్టాలి. లేకపోతే స్టార్టర్‌లోని ఎలక్ట్రానిక్ బోర్డు ముందు పోతుంది. కొసకీ ఎర్త్‌కీ మధ్య ఒక నిమిషం చూడండి. ఒక మెగాఓమ్‌కి తక్కువొస్తే ఆ మోటారు జోలికి పోవద్దు. టెస్ట్ అయ్యాక కొసల్ని ఎర్త్‌కి తాకించి అప్పుడు ముట్టుకోండి, అంత పొడవు కేబుల్ చార్జ్ పట్టుకుని ఉంటుంది.

ఇంకో మాట. మెగ్గర్ సున్నా చూపించినా వైండింగే పోయిందని కాదు. నీళ్లలో మునిగి ఉండే కేబుల్ జాయింటు చెడినా ఇలాగే చూపిస్తుంది. మోటారు పైకి తీయించాక జాయింటు కోయించి, మోటారుని విడిగా, కేబుల్‌ని విడిగా టెస్ట్ చేయమనండి. మీరు పక్కనే నిలబడండి. జాయింటుతో పోయేదానికి రీవైండింగ్ డబ్బులు ఎందుకు? ఫోన్ ఆనించి పెడితే వైండింగ్ సంగతి చెప్పే యాప్ ఉందా అని ఇంకో ఇద్దరు అడిగారు. లేదు.

"నిమ్మతోటలో మొబైల్ స్టార్టర్ పెట్టించాం సార్. అర్ధరాత్రి మోటారు దానంతటదే ఆన్ అవుతోంది. ఎవరైనా హ్యాక్ చేశారా?" - పొదలకూరు

హ్యాకర్ అక్కర్లేదు, లోన్ కావాలా అని అడిగే అమ్మాయి చాలు. మొబైల్ స్టార్టరంటే లోపల సిమ్ ఉండి, ఫోన్‌తో మోటారు నడిపే డబ్బా. ఈ డబ్బాల్లో ఒక రకం, తన సిమ్‌కి ఎవరు రింగ్ ఇచ్చినా యజమాని పిలిచాడనుకుని మోటారు ఆన్ చేస్తుంది. అనుమతించిన నంబర్లు నమోదు చేసే సదుపాయం లోపల ఉన్నా, బిగించేవాళ్లు దాన్ని ముట్టుకోరు. పాస్‌వర్డ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే, 1234, అదీ డబ్బా మూత మీదే అంటించి ఉంటుంది! ఇంటికి తాళం వేసి తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టు. అది కాకపోతే ఆటో మోడ్ చూడండి. కరెంటు రాగానే మోటారు ఎత్తుకోవడం దాని పని.

నాకు దిగులు వృథా అయ్యే నీళ్ల గురించి కాదు. పోయినేడు మా బావ తోటలో మెకానిక్ స్టార్టర్ మూత తీసి, మోటారుకి కరెంటు కలిపే కాంటాక్టర్ స్క్రూలు బిగిస్తున్నాడు. మోటారు ఆగి ఉంది కదా అని మెయిన్ దించలేదు. ఉన్నట్టుండి డబ్బాలో చిన్న ఎర్ర లైటు మిణుకుమంది. టక్! కాంటాక్టర్ పట్టేసింది. అతని చేతిలో స్క్రూడ్రైవర్ ఎగిరి గట్టు మీద పడింది. ప్లాస్టిక్ పిడి కాబట్టి బతికాడు. ఊళ్లో ఉన్న మా బావ కొడుకు, నీళ్లు పెట్టాలని గుర్తొచ్చి, ఇంట్లో మంచం మీద నుంచి రింగ్ ఇచ్చాడు. వాడి తప్పేముంది? డబ్బా దగ్గర మనిషున్నాడని వాడికెలా తెలుస్తుంది?

ఫోన్‌తో పనిచేసే స్టార్టర్ చేసేవాడు, ఫోన్‌ని పూర్తిగా తోసిపుచ్చే ఒక చిన్న తిప్పుడు స్విచ్ ముందు వైపు పెట్టడానికి ఎందుకు బద్ధకిస్తాడో నాకు అర్థం కాదు. యాప్‌లో రంగురంగుల గ్రాఫులకి మాత్రం టైముంటుంది.

మీరు ఇవాళే అనుమతి నంబర్ల జాబితా పెట్టండి, పాస్‌వర్డ్ మార్చండి, ఆ సిమ్ నంబరు ఎవరికీ ఇవ్వకండి. అయినా దాన్నే నమ్ముకోవద్దు, కాల్ వచ్చిన నంబరుని నకిలీ చేయడం కష్టమేం కాదు. డబ్బా మూత తీసే ముందు మెయిన్ దించి, ఫ్యూజులు మూడూ పీకి జేబులో వేసుకోవాలి. అవి ఎక్కడో పెట్టడం కాదు, జేబులోనే. తర్వాత మీటర్‌ని ముందు కరెంటున్న చోట పెట్టి పనిచేస్తోందని చూసుకుని, అప్పుడు ఇక్కడ ఫేజుకీ ఫేజుకీ మధ్య, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య చూడండి, మళ్లీ కరెంటున్న చోట ఒకసారి. మధ్యలో మీటరే చచ్చిపోయి సున్నా చూపిస్తే?

"రొయ్యల గుంటకి 2 హెచ్‌పీ ఏరేటర్లు మూడున్నాయి. ఎన్ని కేవీఏ జనరేటర్ తీసుకోవాలి? ఇప్పుడున్న చిన్నదాన్ని రెండు వైపులా ప్లగ్గులున్న వైరుతో షెడ్డు సాకెట్‌కి కలుపుతున్నాం." - ఇందుకూరుపేట

మీ ప్రశ్న మొదటి సగం మర్చిపోయాను, రెండో సగం చదివాక.

తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అడుగంటే వేళకి కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతే ఎంత టెన్షనో నాకు తెలుసు. కానీ ఆ వైరు ఒక కొస సాకెట్‌లో ఉండగా రెండో కొస పిన్నులు మీ చేతిలో కరెంటుతో ఉంటాయి, అదీ తడి నేల మీద. అంతకన్నా ఘోరం బయట జరుగుతుంది. అయస్కాంత క్షేత్రం మారితే పక్క తీగలో కరెంటు పుడుతుందని ఫారడే 1831లో చూపించాడు. మీ జనరేటరూ, వీధి చివర ట్రాన్స్‌ఫార్మరూ రెండూ దాని మీదే బతుకుతున్నాయి. ట్రాన్స్‌ఫార్మరుకి పైనేదో కిందేదో తెలీదు. 11 వేల వోల్టుల్ని 433కి దించినట్టే, మీ షెడ్డు నుంచి వెనక్కొచ్చిన కరెంటుని పైకి ఎక్కిస్తుంది కూడా. సప్లై ఆపేశాం కదా అని అప్పుడే స్తంభం ఎక్కిన లైన్‌మన్ ఆ తీగ పట్టుకుంటాడు.

మెయిన్ దించే కదా పెడుతున్నాం అంటారు. చీకట్లో, నిద్రకళ్లతో, హడావుడిలో మనిషి ఒక్కసారి మర్చిపోతాడు. అందుకే చేంజోవర్ స్విచ్. హ్యాండిల్ ఇటుంటే లైను, అటుంటే జనరేటర్, రెండూ కలిసే దారే ఉండదు. న్యూట్రల్‌ని కూడా మార్చే రకమే అడిగి తీసుకోండి. గుంట లైనుకి 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కారితే లైను కోసేసే స్విచ్, కూడా పెట్టించండి. జనరేటర్‌ని షెడ్డు లోపల నడపొద్దు, దాని పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

కేవీఏ, అంటే జనరేటర్ ఎంత లోడు మోయగలదో, ఆ లెక్కలో పెద్ద చిక్కు మోటారు ఎత్తుకునేటప్పుడే. నేరుగా ఆన్ చేస్తే మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. మూడూ ఒకేసారి ఆన్ చేస్తారో, ఒకటి అందుకున్నాక ఇంకోటి చేస్తారో రాయండి. దాంతోపాటు ఆ రెండు ప్లగ్గుల వైరుని నడిమికి కోసి ఫోటో పంపండి. మిగతా లెక్క అప్పుడు చెబుతాను.