వదిలేది ముందు తేల్చుకో, బిడ్డా

చిరంజీవి మేనకోడలికి,

మామ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, గ్రామసభలో నిన్ను అటవీ హక్కుల కమిటీలోకి తీసుకున్నారని చెప్పింది. తర్వాత నువ్వే ఫోన్ అందుకుని "నాకేం తెలుసని వేసుకున్నరు మామా, ఏం చేయాలె" అని అడిగావు. ఫోన్‌లో చెప్పేది కాదని ఉత్తరం రాస్తున్నాను. దాచుకుని అప్పుడప్పుడు చూసుకో.

నేను పెద్దగా చదువుకోలేదు. చిన్నప్పటి నుంచి మంద వెంట నల్లమల గుట్టలన్నీ తిరిగాను. తర్వాత కొన్నేళ్లు వన సంరక్షణ సమితిలో పనిచేశాను. ఆ రెంటిలో నాకు తెలిసింది ఒక్కటే. అడవి సంగతి ఏది మాట్లాడినా, ఎంత తెచ్చుకుందాం అని మొదలుపెడితే తగవుతో ముగుస్తుంది. ఎంత వదిలేద్దాం అని మొదలుపెడితే మిగిలింది పంచుకోవడం తేలిక. ఇది నాకు ఊరికే రాలేదు, చెప్తాను.

1983లో మన అడవిని టైగర్ రిజర్వ్ చేశారు. అప్పటికి నాకు ఇంకా ఇరవై నిండలేదు. ఆ తర్వాతి ఎండకాలం ఇప్పపువ్వు విరగబడి రాలింది. తెల్లవారుజామున రాలిన పువ్వు ఎండుటాకుల్లో కలిసిపోయి కనిపించదు, ఒక్కొక్కటి ఏరుకోవాలంటే నడుం పడిపోతుంది. చెట్టు కింద నేల నున్నగా ఉంటే ఒక్క పువ్వూ పోదని, ముందు రోజు సాయంత్రం ఆకులకు నిప్పు పెట్టాను. అప్పట్లో చాలామంది పెట్టేవాళ్లు. గాలి తిరిగింది. చూస్తుండగానే మంట బోద గడ్డి అందుకుని గుట్ట ఎక్కింది. ఊరంతా వచ్చి పచ్చి కొమ్మలతో కొట్టినా మూడు రాత్రుల దాకా ఆరలేదు. నాలుగో రోజు పోయి చూస్తే, పొదల కింద అడవికోడి గుడ్లు నల్లగా పగిలి ఉన్నాయి. పరిగెత్తలేని తాబేళ్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఆ పక్క గుట్ట మీద మొర్రి మొలకలు మళ్లీ కనిపించడానికి చాలా ఏళ్లు పట్టింది.

అక్కడికి పెంట నుంచి, అంటే చెంచుల గూడెం నుంచి, ఒక పెద్దాయన వచ్చాడు. నన్ను తిట్టలేదు. "పువ్వు నీ ఒక్కనికే రాలిందనుకున్నవా? గుడ్డెలుగు ఏం తినాలె, దుప్పి ఏం తినాలె?" అని అడిగి వెళ్లిపోయాడు. ఆ మాట ఇవాళ్టికీ నా చెవిలో ఉంది.

కాబట్టి నీ మొదటి పని నిప్పు. ఇప్పుడు మాఘమాసం. శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే భక్తులు దారిపొడవునా వండుకుంటారు, బీడీలు పారేస్తారు. అది దాటగానే ఇప్పపువ్వు వస్తుంది, చైత్ర పున్నమికి సలేశ్వరం జాతర వస్తుంది. ఈ రెండు మూడు నెలలే అడవికి గండం. పువ్వు ఏరే ప్రతి ఇంటికీ నువ్వే పోయి చెప్పు: ఆకులు చీపురుతో ఊడ్చుకోవచ్చు, లేదా చెట్టు కింద పాత చీరలు పరచుకోవచ్చు. చీర మీద రాలిన పువ్వుకు మట్టి అంటదు, కాబట్టి ధర కూడా బాగా పలుకుతుంది. ఆడవాళ్లకు ఆడవాళ్లు చెప్తేనే ఎక్కుతుంది, అందుకే నిన్ను కమిటీలో వేసినందుకు నాకు సంతోషం. వాగు పక్కన ఉన్న ఇప్పచెట్ల జోలికి పోవద్దని తీర్మానం చేయించు. అవి గుడ్డెలుగువి. పొద్దు పొడవక ముందే ఇప్పచెట్టు కిందికి పోయి ఎలుగు చేతిలో దెబ్బతిన్నవాళ్లు మన చుట్టుపక్కల ఎంతమందో నీకూ తెలుసు. వెలుతురు బాగా వచ్చాక, ముగ్గురు నలుగురు కలిసి మాట్లాడుకుంటూ పోవాలి.

ఇక తేనె. ఇది మనం చెంచుల దగ్గర నేర్చుకోవాల్సింది తప్ప వాళ్లకు చెప్పాల్సింది కాదు. కొండ చరియకు పట్టిన పెద్ద తేనె తీయడానికి మనిషి తాడు మీద దిగుతాడు. పైన తాడు దగ్గర కాపలా ఉండేది బావమరిది. తన అక్కచెల్లెలి బతుకు ఆ తాడుకు వేలాడుతోంది కాబట్టి బావమరిది చెయ్యి వదలడని వాళ్ల నమ్మకం. పట్టులో తేనె ఉండేది పై భాగంలో, పిల్లలు ఉండేది కింది భాగంలో. తేనె ఉన్నంత మేర కోసుకుని పిల్లల భాగం వదిలేస్తే ఈగ మళ్లీ కడుతుంది. మొత్తం పట్టు కోసి పిండితే తేనెలో పిల్లల రసం కలిసి తొందరగా పులుస్తుంది, గిరిజన సహకార సంస్థ వాళ్లు ధర తగ్గిస్తారు. కోసిన ముక్కను పిండకుండా బట్టలో వేలాడదీసి కారనివ్వాలి. బయటి నుంచి వచ్చి పట్టుకింత అని గుత్తకు మాట్లాడే వ్యాపారులను మాత్రం ఊళ్లోకి రానివ్వకు. గుత్త మాట్లాడినవాడికి వచ్చే ఏడు అక్కర్లేదు.

గడ్డలు తవ్వినప్పుడు తీగ మొదలును కొంచెం గడ్డతో సహా వదిలి గుంత పూడ్చాలి. ఉసిరికాయ కోసం కొమ్మలు నరకొద్దు. తపసి బంకకు లేత చెట్టును ముట్టొద్దు, ముదురు చెట్టునైనా గొడ్డలితో లోతుగా కొట్టొద్దు. చిల్లగింజలు, కుంకుళ్లు ఎలాగూ రాలినవే ఏరుకుంటాం, వాటితో పేచీ లేదు.

కష్టమైనది గొడ్ల సంగతి. ఇక్కడ నీకు ఎదురుపడేది మన సొంతవాళ్లే. మన పొడ తూర్పు ఎడ్లు అంటే నాకు ప్రాణం. తెల్లటి ఒంటి మీద ఎర్ర పొడలు, రాళ్లల్లో రప్పల్లో తడబడని డెక్క. 2020లో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దాన్ని ప్రత్యేక జాతిగా నమోదు చేసిందని విన్న రోజు మా గొడ్లకు పసుపు కుంకుమ పెట్టాను. ఆ జాతి పుట్టింది ఈ అడవి మేతతోనే. అయినా చెప్తున్నాను, మందలు పెరిగినకొద్దీ గడ్డి తగ్గింది. దుప్పికి మేత లేకపోతే దుప్పి పోతుంది, దుప్పి పోతే పులి మన కొట్టం వైపు చూస్తుంది. అంటే మన గొడ్డును మనమే పులి నోటికి అందిస్తున్నట్టు.

అందుకని ఊళ్లో కూర్చోబెట్టి, ఏ గుట్టకు ఏడాది పాటు మంద పోకూడదో ముందు తేల్చండి. వానలు పడ్డ కొత్తలో గడ్డి వేళ్లు పట్టేదాకా ఎక్కడికీ తోలకుండా ఉంటే ఇంకా మంచిది. ఆ రోజులకు చొప్ప, పల్లికట్టె దాచిపెట్టుకోవాలి. గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు ఊళ్లో ఒక్క పశువు కూడా తప్పకుండా వేయించు. ఆ రోగం మన మంద నుంచి అడవి జంతువులకు అంటుకుంటుంది. పశువుల డాక్టర్ గుట్ట మీదికి రాడు, మందనే కిందికి తోలి ఒక చోట నిలపాలి.

పులి గానీ చిరుత గానీ ఆవును కొడితే ఏం చేయాలో అందరికీ బట్టీ పట్టించు. కళేబరాన్ని కదిలించొద్దు. చుట్టూ గుమిగూడి అడుగుజాడలు చెరపొద్దు. ఫోటో తీసి, అదే రోజు బీట్ ఆఫీసర్‌కు చెప్పి, కాగితం మీద కూడా రాసి ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోవాలి. ఆలస్యమైతే పరిహారం దగ్గర చిక్కులొస్తాయి. కోపంలో ఎవడైనా కళేబరం మీద విషపు మందు చల్లుదామంటే కాళ్లు పట్టుకునైనా ఆపు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో అలాగే జరిగింది, పులులు చచ్చాయి, మనుషులు జైలుకు పోయారు. పులి తిన్న ఆవుకు ఎప్పుడో ఒకప్పుడు డబ్బులొస్తాయి, ఇది మాత్రం ఎవరూ తీర్చలేని నష్టం.

అడవి పందుల కోసం కరెంటు తీగ పెట్టడం కూడా అంతే. మక్కచేను ఒక్క రాత్రిలో దున్నేసినట్టు పోతే కడుపు మండుతుంది, నాకూ మండింది. కానీ ఆ తీగకు పంది పడుతుందో, దుప్పి పడుతుందో, తెల్లారి నీళ్లు కట్టడానికి పోయిన మన పిల్లవాడు పడతాడో ఎవరు చెప్పగలరు? అడవి అంచు చెలకల్లో మక్క, పల్లి తగ్గించి ఆముదం వేయమని చెప్పు, దాన్ని పంది పెద్దగా ముట్టదు. నాలుగు చేలవాళ్లు కలిస్తే సోలార్ కంచె వేసుకోవచ్చు. అది ఝాడించి కొడుతుంది తప్ప ప్రాణం తీయదు.

ఇప్పుడు కాగితాల మాట. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, నువ్వు తీసుకోకు. 2006 అటవీ హక్కుల చట్టం మనకు ఇచ్చింది వ్యక్తి పట్టాలొక్కటే కాదు. ఊరంతా కలిసి మేతకు, తేనెకు, గడ్డలకు, చేపలకు పోయే అడవి మీద సామూహిక హక్కు అడగొచ్చు, దానికి ఫారం బి. ఆ అడవిని మనమే కాపాడుకుని చూసుకునే హక్కుకు ఫారం సి. ఫారం ఎ కోసం అందరూ తోసుకుంటారు, బి, సి ఎవరికీ పట్టవు, ఎందుకంటే అందులో ఎవడి పేరూ ఒక్కటే ఉండదు. నువ్వు వాటి కోసం పట్టుబట్టు. వ్యక్తి పట్టాకు గిరిజనులైతే 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉండాలి, మనలాంటి మిగతావాళ్లయితే ఆ తేదీకి ముందు 75 ఏళ్లుగా అడవిలో ఉంటూ దాని మీద ఆధారపడి ఉన్నామని కూడా చూపాలి. ఆ తేదీ తర్వాత నరికిన చెలకకు పట్టా ఇప్పిస్తానని ఎవరైనా డబ్బులడిగితే నమ్మొద్దని అందరికీ చెప్పు. చుట్టమైనా సరే, అలాంటి దరఖాస్తు మీద సంతకం పెట్టకు.

సాక్ష్యాలు రెండు రకాలవి ఉండాలి. పెద్దవాళ్లు చెప్పింది రాసుకున్నా సాక్ష్యమే. అందుకే ఈ నెలలోనే పెంటలోని ముసలివాళ్లను, మన ఊరి ముసలివాళ్లను కూడగట్టి హద్దు వెంట నడువు. పాత బాయి ఎక్కడ, బొందలగడ్డ ఎక్కడ, దేవర చెట్టు ఏది, ఎండకాలంలో కూడా ఎండని ఊట ఏది అని ఒక్కొక్కటి రాయి, ఫోన్‌లో గుర్తు పెట్టు. ఈ పనికి నేను కూడా వస్తాను. నాతో తిరిగినవాళ్లలో ఇప్పటికే సగం మంది లేరు.

గ్రామసభకు ఊరి సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. ఆ లెక్క కుదరకుండా తీర్మానం రాస్తే తర్వాత కొట్టేస్తారు. పత్తి ఏరే రోజుల్లో పగలు సభ పెడితే ఆడవాళ్లు రారు, కాబట్టి వేళ నువ్వే పెట్టించు. లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉండాలో తేల్చేటప్పుడు తాడు దగ్గరి బావమరిదిని గుర్తు చేసుకో.

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ నడిమి భాగం, అదే కోర్, లోపలి ఊళ్లను బయటికి తరలించే మాట ఎప్పటినుంచో నడుస్తోంది. ఇంటికి 15 లక్షలు, లేదంటే భూమి, ఇల్లు అని చెప్తారు. పోవాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్ల ఇష్టం, నువ్వు గానీ నేను గానీ ఎటూ నెట్టకూడదు. ఆసుపత్రి, బడి దగ్గర కావాలని కోరుకునేవాళ్లను తప్పు పట్టకు, అడవి విడిచి బతకలేమనేవాళ్లను వెనకబడినవాళ్లని అనకు. గ్రామసభ అన్నీ తెలిసి ఒప్పుకుంటే తప్ప కదిలించడానికి చట్టం లేదన్నది మాత్రం గట్టిగా చెప్పు. ఖాళీ కాగితం మీద ఎవరి వేలిముద్రా పడనివ్వకు.

ఫారెస్టోళ్లతో పగ పెట్టుకోకు, అలాగని వాళ్ల మెప్పు కోసం పరిగెత్తకు. బేస్ క్యాంపుల్లో రాత్రులు కాపలా ఉండేవాళ్లలో చాలామంది చెంచు పిల్లలే. వాళ్లకు జీతం ఆలస్యమైతే అది కూడా కమిటీ పట్టించుకోవాల్సిన సంగతే. 2019లో యురేనియం కోసం ఇక్కడ బోర్లు వేస్తారన్నప్పుడు ఊరూరా జనం రోడ్డెక్కారు, ఆ సెప్టెంబర్‌లో శాసనసభ వద్దని తీర్మానం చేసింది. ఆ రోజు మన మాట చెల్లింది, ఎందుకంటే అడవిని మేం చూసుకుంటాం అని చెప్పగలిగాం. రేపు ఇంకేదైనా వస్తే మళ్లీ అలా చెప్పగలిగేలా ఉండాలి మన ఊరు.

చేయి నొప్పి పెడుతోంది, ఇంతటితో ఆపుతాను. శివరాత్రి లోపల మీ ఊరికి వస్తాను. నాలుగైదు పాత చీరలు పక్కన పెట్టి ఉంచమని మీ అత్తమ్మకు చెప్పు, ఈసారి ఇప్పచెట్ల కింద మొదట పరిచేది మన ఇంటి చీరలే కావాలి. హద్దు నడవడానికి ఎవరెవరు వస్తారో ఈలోపు అడిగి పెట్టు. పిల్లలను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
నీ మేనమామ