లేత్ ఎక్కించే ముందు డిజైన్ గీసుకోవాలా?

కొత్తగా చిన్న లేత్, అంటే చెక్కను గిరగిరా తిప్పుతుంటే ఉలితో గుండ్రంగా చెక్కుకునే యంత్రం, కొన్నారట. పని మొదలుపెట్టే ముందు డిజైన్ గీసుకోవాలా, చెక్క ఎటు తీసుకెళ్తే అటు పోవచ్చా అని అడిగారు. గీసుకోవాల్సిందే. అయితే ఫోన్‌లో ఫొటో చూసి కాగితం మీద అందమైన ఒంపులు దించుకోవడాన్ని నేను డిజైన్ అనను. ఒంపుల సంగతి ఉలి చూసుకుంటుంది. ముక్కను ఎక్కడ పట్టించాలి, ఏ కొలత తప్పితే వస్తువు ఎందుకూ పనికిరాదు, ఈ రెండూ ముందే తేలాలి.

మా తాతగారి నవారు మంచానికి ఒక కోడు చీలిపోయింది. అచ్చం అలాంటిదే కావాలని మా వైపు లేత్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కాగితం జోలికే పోలేదు. సన్నటి ప్లైవుడ్ బద్ద తీసి పాత కోడు పక్కన ఆనించి, ప్రతి గాడి దగ్గరా, ప్రతి గుబ్బ దగ్గరా పెన్సిల్‌తో గీత పెట్టారు. గీత పక్కనే కాలిపర్‌తో చూసిన మందం రాసుకున్నారు. "అన్నీ టేపుతో కొలుచుకుంటూ పోతే నాలుగో కోడు కాడికొచ్చేసరికి అరంగుళం ఎక్కడో ఎగిరిపోద్ది బాబూ, బద్దకి ఆ గోల లేదు" అన్నారు.

పట్టెలు దిగే బెజ్జాలు మాత్రం లేత్ ఎక్కించకముందే, ముక్క ఇంకా నలుపలకలుగా ఉండగానే కొట్టేశారు. గుండ్రంగా అయ్యాక అది బల్ల మీద కదలకుండా ఎక్కడుంటుంది? పట్టె ఆనే చోటును తిప్పకుండా చదరంగానే వదిలేశారు. ఆ తర్వాత తిరుగుతున్న ముక్క దగ్గర బద్ద పెట్టి, గీత గీతకీ పెన్సిల్ తాకిస్తే చుట్టూ వలయాలు పడ్డాయి. ఒక్కో వలయం దగ్గర సన్న ఉలితో రాసుకున్న మందం దాకా దించి, మధ్యలో ఒంపులన్నీ చేతివాటంతో కలిపేశారు. పాత కోడు పక్కన నిలబెడితే రంగు తప్ప తేడా లేదు.

గిన్నెలకీ ఇదే వరస. అడుగున చక్ (ముక్కను బిగించి పట్టే లేత్ దవడలు) పట్టడానికి వదిలిన మందం లెక్కలో వేసుకోకుండా లోపల తవ్వుకుంటూ పోతే మిగిలేది అడుగులేని గిన్నె. పచ్చి చెక్కయితే పది అంగుళాల గిన్నెకు అంగుళం మందం గోడ వదిలి ఆరబెట్టాలి. చెక్క తనలోని పెరుగుదల వలయాల వెంబడి ఎక్కువ, వాటికి అడ్డంగా అందులో సుమారు సగం కుంచించుకుపోతుంది, అందుకే గుండ్రటి గిన్నె కోలగా మారుతుంది. భరిణెకు మూత ఆరకముందే బిగుతుగా కుదిర్చేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

లక్క రంగు వేయాలనుకుంటే అదీ ముందే ఆలోచించుకోవాలి. ఏటికొప్పాకలో తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీ ఒత్తితే, రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. దాని మీద మొగలి ఆకుతో మెరుగు పెడతారు. కడ్డీ దూరని లోతైన ఇరుకు గాడి గీసుకుంటే అక్కడ రంగెలా పడుతుంది? మాటల్లో మాట, 2017లో ఏటికొప్పాక బొమ్మలకు జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర) వచ్చాక కూడా మనవాళ్లే వీటిని కొండపల్లి బొమ్మలంటున్నారు! కొండపల్లివి తెల్ల పొణికి చెక్కను చేత్తో చెక్కి చేసేవి, వాటికి లేత్‌తో పనే లేదు. షాపుల్లో ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుడుతోంది.

మీరు మాత్రం ముందు చపాతీ కర్ర చేయండి. బద్ద మీద సగం కర్రకే గుర్తులు పెట్టుకుని, తిరగేసి రెండో పిడికీ అవే వాడండి. ముక్క కావాల్సిన దానికంటే రెండంగుళాలు పొడుగ్గానే తీసుకోండి, సెంటర్లు (ముక్కను రెండు వైపులా పట్టే లేత్ మొనలు) గుచ్చుకున్న చివరలు రెండూ చివర్లో కోసేయాలి.